నౌకాధికారుల పద్ధతిలో మధ్యధరా తీరాలను నీటిరంగుల్లో గీయడం ఎలా

కెమెరా లేని రోజుల్లో, ఒక తీరం ఎలా ఉంటుందో వెనక వచ్చే ఓడకి చెప్పాలంటే బొమ్మ గీయడం ఒక్కటే దారి. అందుకే బ్రిటిష్ నౌకాదళంలో ఆఫీసర్లు కాబోయే కుర్రాళ్ళకి లెక్కలతో, నక్షత్రాలతో పాటు డ్రాయింగ్ కూడా నేర్పేవారు. పోర్ట్స్‌మత్‌లోని నౌకాదళ కళాశాలలో 1811 నుంచి రెండు దశాబ్దాలకు పైగా జాన్ క్రిస్టియన్ షెట్కీ అనే చిత్రకారుడు డ్రాయింగ్ మాస్టారుగా ఉన్నాడు. అలా గీత నేర్చుకున్న ఆఫీసర్లు జిబ్రాల్టర్ నుంచి సిరియా దాకా మధ్యధరా సముద్రపు కొండల్నీ కోటల్నీ రేవుల్నీ కాగితం మీదికి ఎక్కించారు.

నేను మర్చంట్ నేవీలో సెకండ్ ఆఫీసర్‌ని, ఊరు విశాఖ. ఓడలో చార్టుల, అంటే సముద్రపు పటాల, పని నాది. పాత బ్రిటిష్ చార్టుల అంచుల్లో సన్నగా అచ్చువేసిన తీరం బొమ్మలు చూసి ఈ పద్ధతి మీద మనసు పడింది. నేర్చుకున్నది వరసగా చెబుతాను. గ్రీకు ద్వీపాలకి ఫెర్రీ ఎక్కేవాళ్ళకీ, క్రూజ్‌కి వెళ్ళేవాళ్ళకీ, ఓడల మీద పనిచేసే మన పిల్లలకీ పనికొస్తుంది.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట మనసులో పెట్టుకోండి. ఈ బొమ్మ గోడకి తగిలించడానికి కాదు. ఆ తీరం మొహం ఎన్నడూ చూడని మనిషి ఈ కాగితం చేత్తో పట్టుకుని "ఇదే ఆ చోటు" అని గుర్తుపట్టాలి. కింద చెప్పే ప్రతి పనీ అందుకోసమే. అందం దాని వెనకే వస్తుంది, తొందరపడకండి.

వాళ్ళు ఏం గీశారో కాస్త చూడండి

ఒకటి రెండు సాయంత్రాలు దీనికి కేటాయించండి. గాలి వేగానికి వాడే బోఫోర్ట్ స్కేలు మీకు తెలిసే ఉంటుంది. ఆ ఫ్రాన్సిస్ బోఫోర్టే 1811, 1812 సంవత్సరాల్లో ఫ్రెడరిక్‌స్టీన్ అనే యుద్ధనౌకలో తిరుగుతూ ఇప్పటి టర్కీ దక్షిణ తీరాన్ని సర్వే చేశాడు. 1812లో ఒడ్డున జరిగిన దాడిలో తుంటికి తుపాకి గుండు తగిలి ఆ సర్వే ఆగిపోయింది. అప్పటికి గీసినవాటితో 1817లో ఒక పుస్తకం అచ్చువేశాడు. తర్వాత 1829 నుంచి 1855 దాకా బ్రిటిష్ నౌకాదళానికి హైడ్రోగ్రాఫర్‌గా, అంటే చార్టుల శాఖ అధిపతిగా పనిచేశాడు. ఆ పదవిలో మొట్టమొదట, 1795లో, కూర్చున్న అలెగ్జాండర్ డాల్రింపుల్ కుర్రతనంలో ఉద్యోగానికి వచ్చింది మన పక్కనున్న మద్రాసుకే.

విలియం హెన్రీ స్మిత్ సిసిలీ చుట్టూ, ఆ తర్వాత మధ్యధరా అంతటా ఏళ్ళ తరబడి సర్వే చేశాడు. జనం ఆయన్ని మెడిటరేనియన్ స్మిత్ అనే పిలిచారు. థామస్ స్ప్రాట్ క్రీట్ ద్వీపాన్ని తీరం నుంచి కొండల దాకా చూసి రాశాడు. నాకు బాగా ఇష్టమైనవాడు ఎడ్వర్డ్ ఫాన్షా. సర్వే ఆయన ఉద్యోగం కాదు, మామూలు కెప్టెన్, తర్వాత అడ్మిరల్ అయ్యాడు. వెళ్ళిన చోటల్లా నీటిరంగులు వేశాడు. లండన్ దగ్గర గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో ఆయన ఆల్బమ్‌లు ఉన్నాయి, వాళ్ళ వెబ్‌సైట్‌లో చాలా బొమ్మలు చూడొచ్చు.

చూసేటప్పుడు రంగులు కాదు, అంచులు గమనించండి. కొండ గీత ఎక్కడ విరిగింది, కోట గోడ ఎక్కడ నీళ్ళని తాకింది, లైట్‌హౌస్ వెనక ఏముంది. ఈ గీతలు అనుమానం లేకుండా ఉంటాయి. ఆకాశం మాత్రం చాలా బొమ్మల్లో ఒక్క పూతతో సరిపెట్టేశారు.

సామాను

తక్కువ తీసుకెళ్ళండి. ఎ5 సైజు స్కెచ్‌బుక్, కాగితం 300 జీఎస్ఎం, కాస్త గరుకుగా ఉండేది. అడ్డంగా తెరుచుకునే పుస్తకమైతే మంచిది, తీరం బొమ్మకి పొడవు కావాలి. హెచ్‌బీ పెన్సిల్, నీళ్ళకి చెదరని నల్ల ఇంకు పెన్ను, ఒక ఎనిమిదో నంబరు, ఒక నాలుగో నంబరు గుండ్రటి బ్రష్షులు, రెండు బట్టల క్లిప్పులు, పాత కాటన్ గుడ్డ.

రంగులు ఆరు చాలు: అల్ట్రామరీన్ బ్లూ, కోబాల్ట్ బ్లూ, ఇండిగో, యెల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, లైట్ రెడ్. ఆకుపచ్చ కొనకండి. మధ్యధరా కొండల మీది ఆలివ్ చెట్ల ఆకుపచ్చ బూడిద కలిసినట్టుంటుంది, ఇండిగోలో ఓకర్ కలిపితే అచ్చం అదే వస్తుంది. సియెన్నా అనే పేరు ఇటలీలోని సియెనా ఊరి మట్టి నుంచే వచ్చింది, ఆ నేల రంగుకి వేరే వెతుక్కోనక్కర్లేదు. ఇండిగో అంటే నీలిమందు, ఒకప్పుడు మన కడప ప్రాంతంలో విరివిగా తయారైన సరుకు. అసలు నీలిమందు ఎండకి వెలిసిపోతుంది. ఇప్పుడు ఆ పేరుతో దొరికే రంగుల్లో చాలావరకు వేరే నీలాలు కలిపి చేసినవే, అవి నిలుస్తాయి. కొనేముందు ట్యూబ్ మీద రాసింది చదవండి.

నీళ్ళు మంచినీళ్ళే వాడండి. చుట్టూ ఇంత సముద్రం ఉంది కదా అని సముద్రపు నీళ్ళు ముంచకండి. ఉప్పు ఆరేటప్పుడు రంగుని పక్కకి నెట్టి తెల్ల మచ్చలు చేస్తుంది, కాగితం తేమ పీలుస్తూనే ఉంటుంది. ఒకసారి సిసిలీ దక్షిణాన రైలింగ్ పక్కన కూర్చుని వేస్తుంటే అల జల్లు వచ్చి తడి పూత మీద పడింది. ఆకాశం నిండా నక్షత్రాల్లా చుక్కలు, ఆ పేజీ ఎందుకూ పనికిరాలేదు. అప్పటి నుంచి గాలికి అడ్డం ఉన్న వైపే కూర్చుంటాను.

ఓడ మీద ఉద్యోగం చేసేవాళ్ళకి ఒక నియమం. వాచ్‌లో, అంటే డ్యూటీ గంటల్లో, ఉండగా పెన్సిల్ ముట్టుకోవద్దు. నాది పన్నెండు-నాలుగు వాచ్, నాలుగు దాటి బ్రిడ్జ్, అంటే ఓడని నడిపే గది, దిగాకే పుస్తకం తెరుస్తాను. ఇంకొకటి, నౌకాదళ స్థావరాలు ఉన్న చోట గీయకండి. ఫ్రాన్స్‌లోని తూలాన్, క్రీట్‌లోని సూడా అఖాతం ఇప్పటికీ పనిలో ఉన్న స్థావరాలే. అక్కడ పుస్తకం మూసేయండి. విశాఖ నౌకాదళ రేవు దగ్గరా అంతే.

ముందు రాయండి, తర్వాత గీయండి

పేజీ అడుగున రెండు వేళ్ళ వెడల్పు జాగా వదిలి, అందులో ఇవి రాయండి: చోటు పేరు, తేదీ, టైము, మీరు చూస్తున్న దిక్కు, ఎంత దూరం, గాలి ఎటు నుంచి వీస్తోంది. దిక్కుకి ఫోన్‌లో కంపాస్ చాలు, కానీ ఇనప రైలింగ్‌కి దూరంగా పట్టుకోండి, ఓడ ఇనుముకి అది తప్పు చూపిస్తుంది. దూరం మ్యాప్‌లో కొలుచుకోండి.

ఇదంతా ఎందుకంటే, కొండ ఆకారం మీరు నిలబడ్డ చోటుని బట్టి మారిపోతుంది. పాత చార్టుల మీద ప్రతి బొమ్మ కిందా బేరింగూ, అంటే చూసిన దిక్కూ, దూరమూ ఉండేవి. అవి లేకపోతే నావికుడికి ఆ బొమ్మ అక్కరకు రాదు. తేదీ కూడా అంతే ముఖ్యం. మాల్టా రాజధాని వాలెట్టాలో నింగికి పొడుచుకుని ఉండే సెయింట్ పాల్స్ ఆంగ్లికన్ చర్చి శిఖరం తీసుకోండి. ఆ చర్చి 1839లో మొదలై 1844లో పూర్తయింది. పాత బొమ్మ మీద తేదీ లేకపోయినా, ఆ శిఖరం లేదంటే అంతకు ముందుదని తెలుస్తుంది. మీ బొమ్మకి ఇంకొకరు అలా ఆరా తీయాల్సిన పని పెట్టకండి.

సముద్రపు గీత

ఇప్పుడు పెన్సిల్ తీయండి. మొట్టమొదటి గీత నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత, స్కేలు పెట్టినంత తిన్నగా అడ్డంగా ఉండాలి. అది కొంచెం వాలినా సముద్రం ఒలికిపోతున్నట్టు కనిపిస్తుంది. పేజీలో కింది నుంచి మూడో వంతు దగ్గర పెట్టండి.

ఆ గీత ఎప్పుడూ మీ కంటి ఎత్తులోనే ఉంటుంది. డెక్ మీద మీ కన్ను నీళ్ళకి 10 మీటర్ల ఎత్తులో ఉంటే, ఎదుటి గట్టు మీద 10 మీటర్ల ఎత్తున్న గోడ పైఅంచు ఆ గీతతో కలుస్తుంది. అంతకంటే పొట్టివన్నీ గీతకి కింద, పొడుగువి గీత దాటి పైకి. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే రేవులో భవనాల ఎత్తులు వాటంతట అవే కుదురుతాయి.

ఆ గీత ఎంత దూరంలో ఉందో కూడా లెక్క కట్టొచ్చు. కంటి ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. ఒడ్డున నిలబడ్డ మనిషికి నాలుగున్నర, కన్ను 10 మీటర్ల ఎత్తున ఉంటే 11 పైచిలుకు. ఈ లెక్కతో బొమ్మకి పనేంటంటారా? ఇటలీలోని స్ట్రోంబోలి ద్వీపం చూడండి, ఎత్తు సుమారు 920 మీటర్లు, నడి సముద్రంలో నిలబెట్టిన శంకువులాంటి అగ్నిపర్వతం. అదే ఎత్తు నుంచి 40 కిలోమీటర్ల దూరంలో చూస్తే దాని అడుగు 50, 60 మీటర్లు భూమి వంపు వెనక దాగిపోతాయి. ఒడ్డు, ఒడ్డున ఊరు, రేవు ఏవీ కనబడవు. కొండ కింది భాగాన్ని కత్తితో కోసి సముద్రం మీద పెట్టినట్టుంటుంది. కానీ ద్వీపానికి ఒడ్డు ఉంటుందని మనకి తెలుసు కాబట్టి చెయ్యి ఊరుకోదు, తెల్లటి ఒడ్డు గీత ఒకటి గీసేస్తుంది. గీయకండి. ఆ కోత కనిపించేలా వదిలితేనే చూసేవాళ్ళకి దూరం అర్థమవుతుంది.

వేళ్ళతో కొలవండి

నాకు ఎక్కువ కాలం పట్టింది ఈ అడుగే, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను.

నేపుల్స్‌లో మొదటిసారి ఒడ్డుకి దిగినప్పుడు, కాస్టెల్ డెల్లోవో కోట దగ్గర కూర్చుని వెసూవియస్ గీశాను. కాగితం మీద ఆ కొండ పేజీ సగం ఎత్తుకి లేచింది. అక్కడ కూర్చున్నంతసేపూ నాకది సరిగ్గానే ఉందనిపించింది. ఓడకి తిరిగొచ్చి ఫోన్‌లో తీసిన ఫోటో పక్కన పెట్టి చూస్తే, నా కొండ అసలు కొండకి మూడింతలుంది. మనసుకి నచ్చినదాన్ని కన్ను పెద్దది చేస్తుంది. కొండలన్నిటికీ ఇదే జరుగుతుంది, అందరికీ జరుగుతుంది.

లెక్క చూడండి. వెసూవియస్ ఎత్తు 1281 మీటర్లు, ఆ కోట నుంచి దాదాపు 15 కిలోమీటర్ల దూరం. అంటే అది కంటికి ఐదు డిగ్రీలు కూడా లేదు. చెయ్యి బారజాపి పిడికిలి పడితే దాని వెడల్పు సుమారు పది డిగ్రీలు. అంటే అంత పేరున్న కొండ మీ సగం పిడికిలి వెనక దాక్కుంటుంది!

పాత ఆఫీసర్ల చేతిలో కోణాలు కొలిచే సెక్స్‌టాంట్ ఉండేది. దాన్ని అడ్డంగా పట్టుకుని రెండు కొండల మధ్య కోణం, నిలువుగా పట్టుకుని కొండ ఎత్తు కొలిచేవారు. మనకి చెయ్యి చాలు. ఇలా చేయండి:

చెయ్యి పూర్తిగా చాపండి, మోచెయ్యి వంగకూడదు. ఒక కన్ను మూయండి. చిటికెన వేలు వెడల్పు ఒక డిగ్రీ, మూడు మధ్య వేళ్ళు కలిపి ఐదు, పిడికిలి పది, బొటనవేలు నుంచి చిటికెన వేలి దాకా చాపిన జాన ఇరవై. తీరంలో ఎడమ కొస నుంచి కుడి కొస దాకా ఎన్ని పిడికిళ్ళో లెక్కపెట్టండి. ఐదు పిడికిళ్ళనుకుందాం, పేజీని ఐదు భాగాలు చేసి సముద్రపు గీత మీద చుక్కలు పెట్టండి. ఇక ఎత్తులు: కొండ సగం పిడికిలి ఉంటే, కాగితం మీద ఒక భాగంలో సగం. అంతకు మించి ఒక్క వెంట్రుకవాసి కూడా పెంచకండి.

మొదట్లో బొమ్మ చప్పగా ఉన్నట్టుంటుంది, పేజీ అంతా ఖాళీ ఆకాశం. నాలుగైదు బొమ్మలయ్యాక ఆ ఖాళీయే సముద్రం ఎంత పెద్దదో చూపిస్తుందని తెలుస్తుంది.

గీత, ఇంకు

చుక్కలు కుదిరాక కొండ అంచుని ఎడమ నుంచి కుడికి, చెయ్యి ఎత్తకుండా లాగండి. శిఖరాల మధ్య పల్లాల్ని శ్రద్ధగా చూడండి, కొండల్ని గుర్తుపట్టేది పల్లాల వల్లే. లైట్‌హౌస్, చర్చి గోపురం, కోట బురుజు లాంటి గుర్తులు ఉన్న చోటే పెట్టండి, బొమ్మ బాగుంటుందని పక్కకి జరపొద్దు.

ఓడ లంగరు మీద ఉంటే త్వరపడండి. గాలి మారితే ఓడ లంగరు చుట్టూ తిరుగుతుంది, అరగంటలో మీ ముందున్న ఊరు వీపు వెనక్కి పోవచ్చు. కదిలే ఓడలో అయితే మరీను. ఓడ మీద గీతలూ రంగుల గుర్తులూ మాత్రం పూర్తి చేసుకుని, రంగులు కేబిన్‌లో వేసుకోండి. గోడల మీద "ఓ" అంటే ఓకర్, కొండ మీద "ఇం" అంటే ఇండిగో, ఇలా పెన్సిల్‌తో రాసుకోవడమే.

పెన్సిల్ గీత మీద ఇంకు పెట్టండి. దగ్గరవాటికి గట్టి గీత, మధ్యలో ఉన్నవాటికి సన్న గీత, దూరపు కొండలకి ఇంకు వద్దు, పెన్సిలే ఉంచండి.

బూడిద రంగు ముందు, మిగతా రంగులు తర్వాత

పద్దెనిమిదో శతాబ్దంలో ఆఫీసర్లకి నేర్పిన పద్ధతి ఇది. ఇప్పుడు క్లాసుల్లో పెద్దగా చెప్పరు గానీ, కొత్తవాళ్ళకి దీనికంటే మేలైనది నాకు కనబడలేదు. ఎండ, నీడల లెక్క ఒక పూతలో తేల్చుకుని, రంగుల లెక్క తర్వాత చూసుకుంటారు. రెండు టెన్షన్లు ఒకేసారి ఉండవు.

ఇండిగోలో కొంచెం లైట్ రెడ్ కలపండి, చల్లటి బూడిద రంగు వస్తుంది. బాగా నీళ్ళు చేర్చి, ఎండ తగలని వైపులన్నీ ఈ ఒక్క రంగుతో నింపండి: కొండ నీడ వైపు, గోడల నీడ పక్క, పడవల కింద. ఎండ పడ్డ చోటు కాగితాన్ని తెల్లగా వదలండి. పూర్తిగా ఆరనివ్వండి. మధ్యధరా వేసవిలో ఐదు నిమిషాలు పట్టదు. మన కోస్తాలో ఉక్కపోత రోజుల్లో ఇరవై నిమిషాలైనా తడిగానే ఉంటుంది, తొందరపడితే కింది పూత లేచిపోతుంది.

ఇప్పుడు ఈ నలుపు తెలుపు బొమ్మని చెయ్యి చాపి చూడండి. చోటు తెలుస్తోందా? తెలిస్తే సగం పైగా అయిపోయినట్టే. తెలియకపోతే నీడలు సరిచేయండి, రంగు దాన్ని బాగుచేయలేదు.

ఆ తర్వాత పల్చటి రంగులు. ఆకాశం పైన కోబాల్ట్, కిందికి వచ్చే కొద్దీ నీళ్ళు కలుపుతూ సముద్రపు గీత దగ్గరికి దాదాపు తెలుపు. దూరపు కొండలకి కోబాల్ట్‌లో చుక్క లైట్ రెడ్. దగ్గరి నేలకి ఓకర్, సియెన్నా. సముద్రం చివర.

ఆ సముద్రం రంగు గురించి ఒక హెచ్చరిక. కాకినాడ, యానాం వైపు గోదావరి మట్టి కలిసిన నీళ్ళకి అలవాటైన కళ్ళు మధ్యధరా నీలాన్ని నమ్మవు. ఆ సముద్రంలో మేత తక్కువ, నాచు రేణువులు తక్కువ, అందుకే లోతు నీళ్ళు అంత ముదురు నీలం. అల్ట్రామరీన్ ధైర్యంగా వేయండి. ఒడ్డు దగ్గర ఇసక మీద లేత ఆకుపచ్చ నీలం, దాని మధ్యలో నల్లటి మచ్చలు కనబడితే అవి రాళ్ళే కానక్కర్లేదు, పొసిడోనియా అనే సముద్రపు గడ్డి మైదానాలు కావచ్చు. ఇండిగోతో ఒక్కో మచ్చ పెట్టండి.

ఇంకొక తేడా. అక్కడ చాలా చోట్ల ఆటుపోట్లు జానెడు రెండు జానలే. అందుకే ఇళ్ళ మెట్లు నేరుగా నీళ్ళలోకి దిగుతాయి. గోడ నీళ్ళని తాకే చోట సన్నటి ముదురు గీత ఒక్కటి చాలు. మన రేవుల్లోలా వెడల్పాటి పాచి పట్టీ వేస్తే అది వేరే సముద్రం అయిపోతుంది.

ఏ గాలికి ఏ రంగు

అడుగున గాలి సంగతి ఎందుకు రాయమన్నానో ఇప్పుడు తెలుస్తుంది. మధ్యధరాలో వెలుగుని నిర్ణయించేది గాలే, ప్రతి గాలికీ ఒక పేరుంది.

ఫ్రాన్స్ దక్షిణాన వాయవ్యం నుంచి మిస్ట్రల్ వీస్తే ఆకాశం కడిగినట్టవుతుంది. ఎక్కడో ఉన్న కొండ కూడా పక్కనే ఉన్నట్టు, అంచు పదునుగా కనిపిస్తుంది. ఆ రోజు దూరపు కొండకి కూడా అంచులు గట్టిగా ఉంచండి, కోబాల్ట్‌లో ఇంకేమీ కలపకండి. గ్రీసులో వేసవి ఉత్తర గాలి మెల్టెమి కూడా ఇంచుమించు అలాగే ఉంటుంది, సముద్రం నిండా తెల్ల నురగలు లేపుతుంది. ఆ నురగలకి కాగితం తెల్లగా వదలాలి, బ్రష్‌ని పొడిగా, పక్కకి వాల్చి లాగితే అవే మిగులుతాయి.

సిరోకో దీనికి పూర్తిగా తలకిందులు. సహారా నుంచి దుమ్ము మోసుకుని దక్షిణ దిక్కు నుంచి వస్తుంది. ఆకాశం పాలలో పసుపు కలిపినట్టుంటుంది, కొండలకి అంచులే ఉండవు. నీలం పక్కన పెట్టి ఆకాశానికి పల్చటి ఓకర్, అది తడిగా ఉండగానే కొండ నింపి అంచు కరిగిపోనివ్వండి.

జిబ్రాల్టర్‌లో తూర్పు గాలి లెవాంటర్ వీస్తే 426 మీటర్ల ఆ బండ నెత్తిన మేఘం కూర్చుంటుంది, పడమటి వైపుకి జెండాలా సాగుతుంది. మిగతా ఆకాశం అంతా ఖాళీగా ఉన్నా ఆ మేఘం కదలదు. అది గీసి, కింద "లెవాంటర్" అని రాస్తే చూసే నావికుడికి ఆ రోజంతా అర్థమైపోతుంది.

ఒక రేవు దగ్గరగా: వాలెట్టా

ఊరికే తీరాలు నాలుగైదు గీశాక రేవుకి వెళ్ళండి. మాల్టాలో గ్రాండ్ హార్బర్‌తో మొదలుపెట్టమంటాను, బ్రిటిష్ నౌకాదళం మధ్యధరాలో నూటయాభై ఏళ్ళకి పైగా ఇల్లు కట్టుకున్న రేవు అది.

వాలెట్టా ఊళ్ళో అప్పర్ బరాక్కా తోటకి సాయంత్రం వెళ్ళండి. సూర్యుడు మీ వెనక ఉంటాడు. ఎదురుగా నీళ్ళకి అవతల సెయింట్ ఏంజెలో కోట, దాని వెనక బిర్గు ఊరు. మధ్యాహ్నం వెళ్తే ఎండకి ఆ రాయి తెల్లగా చచ్చిపోయి ఉంటుంది. ఐదు దాటాక అదే సున్నపురాయి తేనె రంగుకి తిరుగుతుంది.

ముందు కోటని ఒక్క పెద్ద ముద్దగా చూడండి. కిటికీలు, తూములు, రాళ్ళ మధ్య గీతలు వద్దు. నీళ్ళ దగ్గర నుంచి మెట్లు మెట్లుగా లేచిన గోడలు, పైన జెండా కొయ్య. బూడిద పూతలో గోడల నీడ పక్కలు మాత్రమే. ఆరాక కోట మొత్తం మీద ఓకర్‌లో చిటికెడు సియెన్నా కలిపిన పల్చటి పూత ఒకే ఊపులో, మధ్యలో ఆపకుండా. నీడల మీద కూడా పోనివ్వండి, కింది బూడిద పైకి కనబడి నీడ వెచ్చగా మారుతుంది. ఆ రాయి నీడల్లోకి నీళ్ళ మీద నుంచి వెలుగు కొట్టి, గోడ అడుగున నీడ పైదానికంటే లేతగా ఉంటుంది. అక్కడ తడి బ్రష్‌తో కొంచెం రంగు ఎత్తేయండి. నేను దీన్ని మూడో సారి వెళ్ళినప్పుడు గానీ గమనించలేదు. గమనించి వేసిన బొమ్మలోనే కోట నీళ్ళలో నిలబడింది.

పడవలు ఎన్ని ఉన్నా రెండు గీయండి, చాలు. దైసా అనే అక్కడి పడవకి ముందూ వెనకా ఎత్తుగా లేచిన కొమ్ములుంటాయి. మనుషులకి ఒక్కో చుక్క.

ఓడలో వచ్చేటప్పుడు గీస్తే ఇదే రేవు వేరే మొహం చూపిస్తుంది. ఈశాన్యం నుంచి లోపలికి వస్తే కుడి పక్క సెయింట్ ఎల్మో కోట, ఎడమ పక్క రికసోలి కోట, మధ్యలో బ్రేక్‌వాటర్, అంటే అలల్ని ఆపే గట్టు, నోరు. రెండు వైపులా బొమ్మ గీసి ఎదురెదురు పేజీల్లో ఉంచుకోండి.

అక్షరాలు, పేర్లు

బొమ్మ ఆరాక ముఖ్యమైన గుర్తుల నెత్తిన సన్నగా క, గ, చ అని పెట్టి, అడుగు జాగాలో పేర్లు రాయండి. ఆకాశంలో పేర్లు రాయకండి. తెలియని కొండకి పేరు కల్పించొద్దు, "చర్చికి కుడి పక్క రెండు పళ్ళ కొండ" అని రాస్తే చాలు. పుస్తకం ఎండలో తెరిచి వదలకండి, తడి ఉన్న పేజీని మూయకండి. రెండు పేజీల మధ్య పల్చటి కాగితం పెట్టుకుంటే ఒకదాని రంగు ఒకదానికి అంటదు.

అంత దూరం వెళ్ళేదాకా ఆగనక్కర్లేదు. విశాఖ బీచ్ నుంచి కనిపించే డాల్ఫిన్ నోస్ ఈ పద్ధతికి మంచి పాఠం, అక్కడా కంటికి కొండ పెద్దదిగానే కనిపిస్తుంది, పిడికిలితో కొలిచి చూడండి. ఓడలు కనబడితే అవి వదిలేసి కొండ అంచు మాత్రమే గీయండి.

వేరేవాళ్ళ చేతికి ఇవ్వండి

చివరి పని ఇది, దీన్ని మానొద్దు. ఆ చోటు చూడనివాళ్ళకి మీ బొమ్మ ఇచ్చి, వాళ్ళు అక్కడికి వెళ్ళినప్పుడు సరిపోయిందో లేదో చెప్పమనండి.

పోయినసారి మాల్టాకి తెల్లవారుజామున చేరాం. మా డెక్ క్యాడెట్, అంటే ఆఫీసర్ పని నేర్చుకుంటున్న కుర్రాడు, మొదటి ఓడ ఆ అబ్బాయికి, ముందురోజే నా పుస్తకం అడిగి తీసుకున్నాడు. పొద్దు పొడిచేసరికి బ్రిడ్జ్ పక్కనున్న వింగ్ మీద పేజీ తెరిచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను ఏమీ చెప్పలేదు. కాసేపటికి చెయ్యెత్తి చూపిస్తూ, "సార్, క అంటే ఆ కోట కదా. గ ఇది. కానీ మీరు గీసిన చ దగ్గర క్రేన్ ఉంది, ఇక్కడ లేదు" అన్నాడు. బైనాక్యులర్స్ తీసుకుని చూశాను. నిజమే, తీసేశారు. కాగితం చార్టుల మీద దిద్దుబాట్లు వయొలెట్ ఇంకుతో చేయడం మా అలవాటు. ఆ పెన్నే తీసుకుని క్రేన్ మీద సన్నగా అడ్డగీత కొట్టి, పక్కన ఆ రోజు తేదీ వేశాను.